రోడ్డు దాటిన గడ్డిచేను

పెద్దమ్మ పాక రోడ్డుకు ఇటుపక్క, ఆమె గడ్డిచేను అటుపక్క. పొద్దున్నే పాలు పితికి, వ్యానుకు పోసి, మూడావుల్నీ తోలుకుని రోడ్డు దాటుతుంది. పొద్దుగూకే ముందు మళ్ళీ తోలుకొస్తుంది. ఆమెను అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు, ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా.

కొత్త రూలు వచ్చాక ఆవుల చెవులకు పసుపు బిళ్ళలు పడ్డాయి. బిళ్ళకో నంబరు. ఆవు ఒక స్థలం నుంచి ఇంకో స్థలానికి కదిలితే ఆ నంబరు వేసి కాగితం రాసివ్వాలి. రోడ్డు అవతల ఇంకో స్థలం కిందే లెక్కట. పోను మూడు, రాను మూడు, రోజుకు ఆరు కాగితాలు. ఊరి బయట పెద్ద పశువుల ఫారంలో వెయ్యి ఆవులున్నాయి. వాటన్నిటికీ కలిపి ఒకటే నంబరు, అవి గడప దాటవు గనక కాగితమే లేదు.

"చెవిలో పువ్వు పెట్టాలంటే నాకు పెట్టండి, నోరులేని వాటికెందుకు?" అంది పెద్దమ్మ. ఒక్క కాగితమూ రాయలేదు. రెండు నోటీసులొచ్చాయి. మూడో నోటీసులో ఎవరి పేరుంటే వాళ్ళను, ఆవైనా మనిషైనా, పెద్ద ఫారానికి తరలించాలి.

బుధవారం పొద్దున బిళ్ళల గుమస్తా వచ్చి పాక ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు.

"ఇవాళ దాటిస్తే నా చేతుల్లో ఏం ఉండదు పెద్దమ్మా. రాసిచ్చేయండి, మీ సొమ్మేం పోయింది?"

"నా పొద్దు పోతుంది. నేను రాస్తూ కూర్చుంటే పేడ నువ్వెత్తుతావా?"

"ఎత్తను."

"అయితే నోరు మూసుకుని కూర్చో నాయనా."

ఆవులు కట్టుకొయ్యల దగ్గరే అరుస్తున్నాయి. ఎనిమిదైంది, తొమ్మిదైంది. పెద్దమ్మ ఒక పలుపు విప్పబోయి, ఆగి, మళ్ళీ ముడేసింది.

తొమ్మిదిన్నరకు చేను లేచి రోడ్డు దాటింది. గట్లతో సహా వచ్చింది, మీద వాలిన కొంగలు వాలినట్టే ఉన్నాయి. పాల వ్యాను డ్రైవరు బ్రేకు వేసి ఆగాడు.

"కాస్త త్వరగా కానీ తల్లీ, పాలు విరుగుతాయి" అన్నాడు చేనుతో.

చేను పాక గుమ్మానికి ఆనుకుని సర్దుకుంది. ఆవులు కట్టినచోటే తలలు వంచి మేశాయి.

గుమస్తా కాగితం అటూ ఇటూ తిప్పాడు. "చేను కదిలితే రాయడానికి ఇందులో గడి లేదే!"

"లేకపోతే మానెయ్."

మధ్యాహ్నం గుమస్తా బిళ్ళలు దగ్గరగా చూద్దామని స్టూలు పట్టుకుని గడ్డిలోకి దిగాడు. చల్లగా గాలి వేసి కునుకు పట్టింది. సాయంత్రం ఆవుల మేత అయ్యాక చేను తన చోటికి తాను వెళ్ళిపోయింది. కళ్ళు తెరిచేసరికి గుమస్తా రోడ్డు అవతల ఉన్నాడు.

"ఏం సారూ, స్థలం మారారు! కాగితం రాశారా?" ఇవతల నుంచి కేకేసింది పెద్దమ్మ.

సాయంత్రం పాలకొచ్చిన డ్రైవరు పగలబడి నవ్వాడు. గుమస్తా కూడా నవ్వాడు. తర్వాత మూడో నోటీసు రాయడానికి పుస్తకం తీశాడు. ఖాళీ నోటీసు తీసుకెళితే పైవాళ్ళు ఒప్పుకోరు, ఏదో ఒక పేరుండాలి. పాకలో నెమరేస్తున్న మూడింటినీ చాలాసేపు చూశాడు. 'కదిలినది' అన్నచోట తన పేరు రాసి సంతకం పెట్టాడు.

శుక్రవారం జీపు వచ్చి అతన్ని పెద్ద ఫారానికి తీసుకెళ్ళింది. ఇప్పుడక్కడ ఆవులకు నీళ్ళు పెడుతున్నాడు. అన్నిటికీ ఒకటే నంబరయ్యేసరికి ఏది ఏదో తెలియక, ఒక్కోదానికి పేరు పెట్టుకుంటూ వస్తున్నాడట. నాలుగు వందల దాకా అయ్యాయని డ్రైవరు చెప్పాడు.

"పేర్లు చాలకపోతే నన్నడగమను" అంది పెద్దమ్మ, పాలు వ్యానులో పోస్తూ.