వదిన తిట్టు, కొత్త సర్వరు

నాకు హుషారొస్తే కాళ్ళు నేల మీద నిలవవు. ఆ రోజు పొద్దున ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. ముందురోజే మా కంపెనీకి కొత్త సర్వరు పెట్టాను మరి.

మేము బిల్డింగులకి లిఫ్టులు బిగిస్తాం. ఏ పని ఎవరిది, ఎంతవరకు వచ్చింది, తర్వాతేంటి, అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తాయి. పాత సర్వరు మీద అది నత్తనడక నడిచేది. కొత్తది కొనమని ఏడాదిగా పెద్దసారు ప్రాణం తోడేశాను, ఆయన వింటేగా! చివరికి మా వదినే మీటింగులో లేచి, "చేస్తానంటోందిగా, చెయ్యనివ్వండి సార్. పూచీ నాది" అంది. వదినంటే మా అన్నయ్య భార్య, ఇదే కంపెనీలో సైటు ఇంజనీరు. ఆవిడ పూచీ పడితే పెద్దసారు కాదనలేరు.

ఇంకా కుర్చీలో కూర్చోలేదు, ఫోను మోగింది. వదినే.

"పిడుగూ, ఏం చేశావే? పాతదే నయం. దీంట్లో క్లిక్ కొట్టి ఓ కునుకు తీసి రావొచ్చు."

ఆ రోజు వదిన కొత్త ఆసుపత్రి బిల్డింగు దగ్గరుంది. లిఫ్టు మోటారుని క్రేనుతో పైకప్పు మీదికి ఎక్కించాలి. తాళ్ళు, కొక్కేలు, బోల్టులు, ఒక్కొక్కటీ చూసి వదిన సాఫ్ట్‌వేర్‌లో టిక్కు పెట్టాలి. టిక్కు టిక్కుకీ పేజీ కొత్తగా తెరుచుకోవాలి. అన్నీ పూర్తయితే తప్ప క్రేను డ్రైవరు చెయ్యి కదపడు. మధ్యాహ్నం ఆ క్రేను ఇంకో చోటికి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు.

కబురు అప్పుడే పెద్దసారుకీ చేరినట్టుంది. నా గది గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు తుడుచుకుంటూ చాలా నెమ్మదిగా అన్నారు.

"క్రేను వెనక్కి వెళ్తే ఈ కొత్త పెట్టె కూడా వెనక్కే. పూచీ సంగతి మీ వదిన్ని అడుగుతాను."

నన్ను ఎన్నన్నా పడేదాన్నే. వదిన మాట పోతుందనేసరికి ఒళ్ళు మండిపోయింది. అంతు తేల్చే దాకా వదలకూడదనుకుని పనిలోకి దిగాను.

తీరా చూస్తే కొత్త సర్వరు కాలు మీద కాలేసుకుని కూర్చుంది. మెమరీ బోలెడు ఖాళీ. డిస్కు ఖాళీ. ప్రాసెసరుకి పనే లేదు. పని ఎక్కువై నెమ్మదిస్తే అర్థముంది గానీ, పనేమీ చెయ్యకుండా నెమ్మదించడమేంటి? నాకు కోపమొచ్చింది. ఆ కోపం వెనకాలే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, బ్రహ్మాండమైన సరదా కూడా వేసింది. ఇలాంటి చిక్కుముడి చేతికి దొరికితే నాకు ఆకలి కూడా వెయ్యదు.

"వదినా, ఫోను పెట్టెయ్యకు. నువ్వు క్లిక్ చేస్తూ ఉండు, నేను ఇక్కడ చూస్తుంటాను."

వదిన క్లిక్ చేసి, ఊరికే ఉండటం చేతకాదు కాబట్టి, తిట్టు అందుకుంది. "మీ ఇంట్లో అందరూ ఇంతే. మీ అన్నయ్య బల్బు మారుస్తానని ఇల్లంతా చీకటి చేశాడు. నువ్వు సర్వరు మారుస్తానని... ఆఁ, వచ్చింది."

మళ్ళీ క్లిక్. "మీ ఇంట్లో అందరూ ఇంతే. మీ అన్నయ్య బల్బు మారుస్తానని ఇల్లంతా చీకటి చేశాడు. నువ్వు సర్వరు మారుస్తానని... వచ్చింది."

వదిన తిట్టు ఎప్పుడూ ఒకే వేగంతో, అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. మా ఇంట్లో అందరికీ కంఠతా. నేను కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాను.

"ఇప్పుడు తెరిచిన పేజీలో ఏముంది వదినా?"

"డ్రాయింగులు. బండెడున్నాయి."

"దాని ముందుది?"

"అందులో ఏముందే, ఒక్క టిక్కు. మిగతాదంతా ఖాళీ."

బండెడు డ్రాయింగుల పేజీ వచ్చిందీ తిట్టులో అదే మాట దగ్గర, ఖాళీ పేజీ వచ్చిందీ అదే మాట దగ్గర! అంటే పేజీ బరువుకీ దీనికీ సంబంధం లేదు. మన సర్వరు క్లిక్కు క్లిక్కుకీ ఎవరినో ఏదో అడుగుతోంది. జవాబు కోసం చూసి చూసి, విసుగొచ్చి, అప్పుడు పేజీ ఇస్తోంది. కుర్చీలోంచి లేచి గదిలో ఒక చుట్టు తిరిగొచ్చాను.

ఎవరిని అడుగుతోందో పట్టుకోవడం ఎంతసేపు? అడిగేది పాత సర్వరుని. నేను నిన్ననే స్విచ్చి ఆపేసిన పాత సర్వరుని! కంపెనీలో ఏ కంప్యూటరు పేరేంటో చెప్పే చిన్న పని కూడా పాతదే చేసేది. ఆ పేర్లన్నీ కొత్తదాంట్లోకి నేనే ఎక్కించాను. కానీ సెట్టింగులు ఉన్నవి ఉన్నట్టు దించేశాను గనక, ఎవరిని అడగాలనే చోట పాత అడ్రసు అలాగే ఉండిపోయింది. తాళంచెవి తన జేబులోనే ఉంటే, పాపం, ఎవరూ లేని పక్కింటి తలుపు కొడుతోంది.

రూఢి చేసుకోవడానికి పాతదాని స్విచ్చి వేశాను. అది లేచిందో లేదో, వదిన గొంతు ఖంగుమంది. "పిడుగూ, పరిగెడుతోందే!"

ఆ మాట ఇంకా గుమ్మంలోనే ఉన్న పెద్దసారు దాకా వినపడింది. పాతదాని దీపాలు చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"పాతదాన్నే పెట్టావన్నమాట. నే చెప్పలేదూ? ఇంక దాన్ని ముట్టుకోకు."

ఊరుకుంటే ఆ పూటకి గండం గడిచేది. క్రేనూ కదిలేది. కానీ వదిన పూచీ పడింది కొత్తదానికి. సెట్టింగుల్లో ఆ అడ్రసు తీసి కొత్తదాని అడ్రసే పెట్టి, పాతదాని దగ్గరికెళ్ళి, ఆయన చూస్తుండగానే ప్లగ్గు పీకేశాను.

"ఏయ్, ఏం చేస్తున్నావు?" అన్నారు పెద్దసారు.

"క్లిక్ చెయ్యి వదినా."

"మీ ఇం..."

అంతే. వదిన ఆగిపోయింది. మళ్ళీ క్లిక్ చేసింది. ఈసారి "మీ" దాకా కూడా రాలేదు. తర్వాత ఫోనులో టిక్కు టిక్కుమని చప్పుడు తప్ప ఇంకేం లేదు. పెద్దసారు నా చేతిలోని ప్లగ్గు వంక చూశారు, తెర మీద టిక్కు పడి పచ్చగా మారుతున్న గళ్ళ వంక చూశారు, కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోయారు.

భోజనాల వేళకి వదిన మళ్ళీ ఫోను చేసింది. వెనకాల క్రేను మూలుగు, మనుషుల కేకలు. మోటారు పైకప్పు మీద కూర్చుందట.

"ఇందాక మాట పూర్తి చెయ్యనివ్వలేదు నువ్వు" అంది. "మీ ఇంట్లో అందరూ ఇంతే. మీ అన్నయ్య బల్బు మారుస్తానని ఇల్లంతా చీకటి చేశాడు. నువ్వు సర్వరు మారుస్తానని..."

ఆగింది. ఉండబట్టలేక అడిగాను.

"మారుస్తానని?"

"మార్చావే" అంది వదిన.