నాటకంలో లేని డైలాగు

ఇరవై ఏళ్ల నాటకాల బతుకులో గడియారం ఒక్కసారే మాట మర్చిపోయాడు. ఆ మరుపుకి ఇవాళ్టికీ మనసులో దండం పెట్టుకుంటాడు.

పగలు లేతు మిషను మీద ఇనుము తరిగే మనిషి. వెంట్రుకవాసి తేడా వస్తే ఆ ముక్కని చెత్తలో పారేస్తాడు. స్టేజీ మీదా అంతే. డైలాగు కామాతో సహా అప్పజెబుతాడు. కార్మికుల హాల్లో నాటకాలాడే బృందం అందుకే అతనికి గడియారం అని పేరు పెట్టింది. భార్య చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది, సాయంత్రాలు నాటకానికి ప్రాంప్టరు. పక్క తెర చాటున స్టూలేసుకుని, ఒళ్లో రాతప్రతి పెట్టుకుని, తడబడినవాడికి మాట అందిస్తుంది.

ఈసారి తడబడేవాడు కొత్తగా చేరిన ఎలక్ట్రీషియను. మొహం చక్కనిది, గొంతు చక్కనిది, జ్ఞాపకం మాత్రం చిల్లుకుండ. అతను నోరు తెరిస్తే ఆమె పెదవులూ కదిలేవి. కళ్లు అతని మీంచి కదిలేవి కావు. గడియారం సీను వస్తే మాత్రం తల వంచేసేది. ఒక్కసారన్నా కన్నెత్తి చూసేది కాదు.

అక్కడ పుట్టింది అనుమానపు పురుగు. నలభై రెండేళ్లు, నడినెత్తిన బట్టతల. అద్దం చూసుకున్నప్పుడల్లా ఆ పురుగు ఇంకాస్త లావెక్కింది.

పురుగు పట్టినవాడు ఏం చేస్తాడు? అందరూ చేసే పనే. "మా ఆవిడ సాయంత్రం ఎన్నింటికి బయల్దేరుతోంది?" అని కాజాల సెక్షను సూపర్‌వైజరుని అడిగాడు. బల్బు కావాలనే వంకతో ఎలక్ట్రీషియను పనిచేసే కొట్టుకి పోయి, అతను ఎక్కడుంటాడు, ఇంట్లో ఎవరెవరుంటారు అని కూపీ లాగాడు. నాలుగు బల్బులు కొన్నాడు. ఇంట్లో హోల్డర్లు రెండే.

ఇంట్లో మాత్రం నోటికి తాళం.

"ఏంటయ్యా, అన్నం దగ్గర కూడా నేను ప్రాంప్టింగు చెప్పాలా? మాట పెగలదేం?" అని ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. మర్నాడే దూరపు ఊళ్లోని బ్రాంచికి, తనొక్కడికే, బదిలీ కోరుతూ అర్జీ రాసి సంతకం పెట్టేశాడు. ఆదివారం నాటకం అయిపోతే, సోమవారం అర్జీ ఇచ్చెయ్యాలి. ఆమె కంటపడకుండా దాన్ని నాటకంలో వేసుకునే కోటు జేబులో దాచాడు.

ఇక ఆ నాటకం. డ్రాయింగు మాస్టారు రాశారు. భార్య శాలువా స్నేహితుడి ఇంట్లో కనబడుతుంది. మొగుడు ఆమెని వెళ్లగొడతాడు. ఆమె చచ్చిపోతుంది. నిజం తెలిసి, చివర్లో శాలువా పట్టుకుని ఏడుస్తాడు. మొగుడు గడియారం, స్నేహితుడు ఎలక్ట్రీషియను, భార్య ఆస్పత్రి నర్సు.

రిహార్సల్లోనే ప్రాంప్టరు తగువు పెట్టుకుంది. "మాస్టారూ, పన్నెండు నాటకాలకి మాట అందించాను. అనుమానపు మొగుడు పక్కింటివాణ్ణి అడుగుతాడు, పాలవాణ్ణి అడుగుతాడు, పెళ్లాన్ని మాత్రం అడగడు. అడిగితే కొంప మునుగుతుందా?"

"నాటకం మునుగుతుందమ్మా! రెండో సీనుకే ఇంటికి పోవాలి."

"పోదాం. ఒక మనిషి బతుకుతుంది."

అందరూ నవ్వారు. అలవాటు మరి. కథల్లో, పాటల్లో, గోడకి తగిలించే బొమ్మల్లో మగాడి అనుమానానికి ఆడది చస్తే దాన్ని గొప్ప ప్రేమ అంటాం, చప్పట్లు కొడతాం. చచ్చినదాన్ని అడగండి, అది ప్రేమో కాదో.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. శాలువా సీను వచ్చింది. గడియారం శాలువా ఎత్తి పట్టుకుని, "పో! నా గడప దాటి పో!" అని నర్సు మీద అరవాలి. చెయ్యెత్తాడు. జేబులో కాగితం గరగరమంది. పొమ్మనేది ఎవర్ని, పోయేది ఎవరు? అంతే, బుర్ర తుడిచిన పలకయింది.

జీవితంలో మొదటిసారి పక్క తెర వైపు చూశాడు. విని విని అలవాటైన గొంతు ఆగేసరికి ఆమె తలెత్తింది. వేలు రాతప్రతిలో సరైన లైను మీదే ఉంది. కళ్లు మాత్రం అతని మొహం మీద. లైను చదవలేదు.

"ఆవిణ్ణి అడుగు," అంది గుసగుసగా.

అందించిన మాట అందుకోవాలి, నటుడి ధర్మం. నర్సు వైపు తిరిగాడు. "ఈ శాలువా... వాడింటికి ఎలా వెళ్లింది?" అది నటన కాదు.

నర్సు గుడ్లు మిటకరించింది. కానీ రోజుకి వందమంది రోగులకి జవాబు చెప్పే మనిషి, ఊరుకుంటుందా? "వాళ్లమ్మకి చలిజ్వరం. కప్పి వచ్చాను. చెబుదామంటే నువ్వు మొహం గంటు పెట్టుకుని కూర్చుంటివి!"

"అంతేనా?"

"అంతే. డాక్టరు సర్టిఫికెట్టు కూడా తేవాలా?"

హాలు గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఒక ముసలావిడ, "ఇంతదానికేనా నాయనా అంతెగిరావు!" అని కేకేసింది. "మరి నా మూడు సీన్లు?" అని ఎలక్ట్రీషియను లబోదిబోమన్నాడు. మాస్టారు తల పట్టుకుని తెర దించేశారు. చప్పట్లు ఆగలేదు.

గడియారం రంగు కూడా తుడుచుకోకుండా భార్య స్టూలు దగ్గరికి నడిచాడు.

"నేనూ ఒకటి అడగాలి. వాడు మాట్లాడితే రెప్ప వెయ్యవు. నా సీన్లో తల కూడా ఎత్తవు. ఎందుకు?"

ఆమె వింతగా చూసింది. "వాణ్ణి చూడకపోతే నాటకం మునిగినట్టే. నువ్వు మర్చిపోవు కదయ్యా! పొద్దున్నుంచీ కాజాలు చూసి కళ్లు మండిపోతుంటాయి. నీ సీను వస్తే కళ్లు మూసుకుని వింటాను. రోజంతటికీ నాకు అదొక్కటే విశ్రాంతి."

పెళ్లాం నమ్మకంగా కళ్లు మూసుకుంటే, దాన్ని చిన్నచూపనుకున్నాడు ఈ పెద్దమనిషి! బల్ల మీద కూలబడి, జేబులో కాగితం తీసి ఇచ్చాడు. ఆమె చదివింది.

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

అతని సంతకం మీద వేలు పెట్టింది. తర్వాత, "ఇందాక నీ మొహం చూస్తే నా నోట్లోంచి 'పో' అనే మాట రాలేదు," అంది. "నిజంగానే అనేస్తావేమో అనిపించింది." మళ్లీ కాగితం వైపు చూసింది. "ఆ నాలుగు బల్బులూ ఇందుకేనా?"

"ఊఁ."

"వెలుగుతున్నాయా, కనీసం?"

ఇంతలో మాస్టారు ఊడిపడ్డారు. "వచ్చే ఆదివారం ఏం ఆడతామమ్మా? నా నాటకం ఏం కాను?"

ఆమె కాగితం తిరగేసింది. జడలోంచి పెన్సిలు తీసింది. "వెనక ఖాళీగానే ఉంది మాస్టారూ. అడిగిన తర్వాత ఏమవుతుందో చెప్పండి, రాస్తాను." తలెత్తకుండానే మొగుడితో, "క్షమించానని నేనింకా అనలేదు," అంది.

"రేపు అడుగుతాను," అన్నాడు అతను. "ఎల్లుండి కూడా."

ఆ కాగితం ఇప్పటికీ రాతప్రతిలో కుట్టి ఉంది. ఒకవైపు బదిలీ అర్జీ, ఇంకోవైపు బతికిపోయిన భార్య. ప్రతి ఆటకి ముందూ గడియారం తన సంతకం ఒకసారి చూసుకుని స్టేజీ ఎక్కుతాడు. తన సీను రాగానే పక్క తెర వైపు చూస్తాడు. ఆమె తల వంచుకునే ఉంటుంది, కళ్లు మూసుకునే ఉంటుంది. అతనికి ప్రాణం కుదుటపడుతుంది. గొంతు ఇంకాస్త నిదానం చేసుకుని మాట్లాడతాడు.