హార్లన్ నాలుగు రెట్ల స్కోప్

మా ఆయన హార్లన్ రైఫిల్ మీదున్న స్కోప్‌కి, అదే గురిచూసే దుర్భిణి గొట్టానికి, తిప్పే మరలేమీ లేవు. ఎప్పుడు కన్ను పెట్టినా నాలుగు రెట్లే పెద్దగా చూపిస్తుంది. పిల్లలు పుట్టినా, రంపపు మిల్లు మూతబడినా, నాలుగంటే నాలుగే. ముప్పైతొమ్మిది చలికాలాలు మా పెన్సిల్వేనియా కొండల్లో నా పొయ్యి మీద జింక మాంసం ఉడికిందంటే ఆ గొట్టం చలవే.

మొన్న వేసవిలో ఆయన పోయాడు. రైఫిల్ ఎవరికివ్వాలో తేల్చే పని నామీద పడింది.

అల్లుడు రాండెల్‌కి దానిమీద కన్ను. మంచివాడే, కాదనను. కాని కొట్లో కొత్త వస్తువు కనబడితే చేతులు ఊరుకోవు. ఈసారి వేటగుడిసెకి తన రైఫిల్ మీద మా పాలక్యాను మూతంత అద్దం బిగించుకొచ్చాడు. నాలుగు నుంచి ఇరవైనాలుగు రెట్ల దాకా తిరుగుతుందట. లోపల ఎర్రదీపం కూడానట. జింకని పేరుపెట్టి పిలుస్తుందా అనడిగాను.

"మీకంతా నవ్వులాటే అత్తయ్యా. లోయ అవతల కొట్టం తలుపుకున్న మేకు కనిపిస్తోంది దీన్లో."

"మేకులు కూరొండుకుంటామా నాయనా?"

"మామయ్య రైఫిల్ నాకివ్వండి. ఆ పాత గొట్టం పీకేసి ఇలాంటిదే వేయిస్తా."

ఆ పీకేయడమన్న మాట నాకు పంటికింద రాయిలా తగిలింది. రాండెల్ కూతురు అడెల్, ఇరవైరెండేళ్లది, పళ్లేలు తుడుస్తోంది. తాత వెనకాలే నడిచి వేట నేర్చిన పిల్ల.

"రేపు సీజను ఆఖరిరోజు. మాంసం తెచ్చినవాళ్లదే రైఫిల్," అన్నాను. "అడెల్, నువ్వు తాతది పట్టుకెళ్లు."

మర్నాడు పొద్దెక్కాక పైనుంచి ఒక తూటా చప్పుడు వినిపించింది. కాస్సేపటికి కిందినుంచి ఇంకోటి. మధ్యాహ్నానికి అడెల్ కొమ్ముల జింకని తాడుతో ఈడ్చుకొచ్చింది. వెనక రాండెల్, పెళ్లిలో భోజనం అందనివాడిలా.

తెల్లారినప్పట్నుంచీ లోయ అవతల మేకులు లెక్కపెట్టి, అద్దాన్ని ఇరవైనాలుగు మీదే వదిలేశాడట. ముప్పై గజాల్లో పొదలోంచి జింక లేచింది. కన్ను పెడితే అద్దం నిండా బొచ్చు.

"మెడో తొడో తెలీలేదత్తయ్యా."

తగ్గిద్దామంటే చలికి ఆ తిప్పే చుట్టు బిగుసుకుపోయింది. చేతితొడుగు పళ్లతో లాగి తిప్పుతుంటే, పాపం ఆ జింక ఎంతసేపని నిలబడుతుంది? తోకెత్తేసరికి కనిపించిన బొచ్చు మీదికి పేల్చాడు. పక్క చెట్టు బెరడు లేచింది, జింక కిందికి దౌడుతీసింది. కింద అడెల్ ఉంది.

"నీకెలా కనిపించిందే?" అనడిగాను.

"జింకలాగే కనిపించింది అమ్మమ్మా."

గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి గోడకి కొట్టడం మా గుడిసె కట్టుబాటు. హార్లన్‌వీ రెండు ముక్కలున్నాయి, రెండూ ఆ స్కోప్ కొనకముందువే. నేను కత్తెర తీయగానే రాండెల్ చొక్కా లోపలికి దోపుకున్నాడు.

"కొత్తది అత్తయ్యా."

"తెలుస్తూనే ఉంది. వెనక్కి తిరుగు."

కావలసినదానికంటే జానెడు ఎక్కువే కోశాను. ఒక ముక్క గోడకి కొట్టి, మిగిలింది రైఫిల్‌తోపాటు అడెల్ చేతికిచ్చాను. పిల్ల కూర్చుని ఆ ముక్కతో తాత స్కోప్ అద్దం మీది తడి మెల్లగా తుడుచుకుంది. మంచి మెత్తటి గుడ్డ. ఆ ఏడు రాండెల్ కొన్నవాటిలో పనికొచ్చింది అదొక్కటే.