నీళ్లల్లో ఆగిన అంకె

కోరుట్లలో బోరు మోటార్లు బాగుచేసే సామేలుకు ఇంకో పని కూడా ఉండేది. చెరువులోనో కాలువలోనో ఎవరైనా మునిగి దొరక్కపోతే జనం అతనికే ఫోను చేసేవారు. అతను ఇబ్రహీంపట్నంలో కూలి కుటుంబంలో పుట్టాడు. మీసాలు వచ్చీరాని వయసులో గల్ఫుకు వెళ్లి, ఓడల అడుగున పట్టిన నాచు గీకే పనిలో చాలా ఏళ్లు గడిపాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ సామానంతా వెంట తెచ్చుకున్నాడు. వీపుకు కట్టుకునే గాలి సిలిండరు, ముఖానికి అద్దం, చేతికి పెట్టుకునే డైవ్ కంప్యూటర్.

పెద్ద గడియారంలా ఉండే ఆ కంప్యూటర్, మనిషి ఎంత లోతులో ఉన్నాడో, సిలిండరులో ఇంకెంత గాలి మిగిలిందో చూపిస్తుంది. గాలి సంగతి దానంతట దానికి తెలియదు. సిలిండరు మూతి దగ్గర బొటనవేలంత ట్రాన్స్‌మిటర్ ఒకటి బిగించి ఉంటుంది. అది వైరు లేకుండా కబురు పంపితేనే చేతి మీద అంకె కనబడుతుంది. అందులో వేసే పొట్టి సెల్లు కోరుట్లలో దొరకదు. ఆ ఎండాకాలం సామేలు దాన్ని జగిత్యాలలో కెమెరాలు అమ్మే దుకాణంలో కొన్నాడు. ప్యాకెట్ మీద దుమ్ము ఉంది. వేసి చూస్తే అంకె వచ్చింది. వచ్చింది కదా అని ఊరుకున్నాడు.

సిరిసిల్ల అవతలి జలాశయం నుంచి ఫోను వచ్చినప్పుడు మధ్యాహ్నం అవుతోంది. చేసినవాడి పేరు సతీశ్.

"అన్నా, మా అన్న ఎల్లేశం పొద్దుగాల చేపలకు పోయిండు. తెప్ప ఒక్కటే ఒడ్డుకచ్చింది."

సామేలు దగ్గరున్న రెండో సిలిండరు గాలి నింపించడానికి హైదరాబాదు పోయి ఉంది. ఉన్న ఒక్కదాన్ని ఆటోలో వేసుకుని బయలుదేరాడు.

ఒడ్డున ఎల్లేశం భార్య సుశీల, డిగ్రీ చదివే కూతురు జ్యోతి రాళ్ల మీద కూర్చుని ఉన్నారు. ఎల్లేశం కల్లుగీత మనిషి. ఊరితో పాటు అతను గీసే తాళ్లు, ఆ తాటిచెట్లన్నీ, జలాశయంలో మునిగిపోయాక, అవే నీళ్లలో వల వేసి బతుకుతున్నాడు. వల తాడు కొస ఇంకా తెప్పకు చుట్టుకుని ఉంది. రెండో కొస ఎక్కడో అడుగున పట్టుకుంది.

సామేలు గాలి అంకె చూసుకున్నాడు. సిలిండరు నిండుగా ఉంది. నడుముకు నైలాన్ తాడు కట్టుకుని, దాని కొస సతీశ్ చేతికిచ్చి, వల తాడు పట్టుకుని దిగాడు.

కిందికి పోతున్నకొద్దీ నీళ్లు చల్లబడ్డాయి. మట్టి రంగు చీకటిలో చేతి మీది అంకె ఒక్కటే వెలుగుతోంది. తలలు లేని తాటి మొద్దులు ఒక్కొక్కటే చేతికి తగిలాయి. వల వాటికి చుట్టుకుని ఉంది. అంతలో అంకె మాయమై దాని చోట రెండు గీతలు మిగిలాయి. చేతిని వీపు వెనక ట్రాన్స్‌మిటర్ దగ్గరికి తీసుకుపోయాడు. అంకె రాలేదు. ఆ జాతి సెల్లు చివరిదాకా బలంగానే కనబడుతుంది. చల్లటి నీళ్లలో ఒక్కసారే చేతులెత్తేస్తుంది.

పైకి పోదామని తిరుగుతుండగా అతని చేతికి ఒక చెయ్యి తగిలింది.

ఎల్లేశం ప్రాణం లేకుండా వల మడతల్లో మొద్దుకు ఆనుకుని ఉన్నాడు. విడిపించాలంటే వల కోయాలి, కోయడానికి సమయం కావాలి. గాలి ఎంత ఉందో తెలియదు. సిలిండరుకు ముల్లు తిరిగే మీటరు ఒకటి ఉండేది గానీ, దాని గొట్టం పగిలాక సామేలు దాన్ని తీసేశాడు. గల్ఫులో అతనితో పాటు పనిచేసిన రుద్రంగి ఊరి బాలరాజు గుర్తుకొచ్చాడు. ఒకరోజు బాలరాజు చేతి మీద కూడా ఇట్లాగే గీతలు పడ్డాయి. ఇంకొంచెం పనే గదా అని ఓడ కింద ఉండిపోయాడు. అతని శవాన్ని పైకి తెచ్చింది సామేలే.

సామేలు నడుము తాడు విప్పి ఎల్లేశం మణికట్టుకు కట్టాడు. రెండుసార్లు లాగి చూసి, మెల్లగా పైకి వచ్చాడు.

"దొరికిండు," అన్నాడు ఒడ్డు చేరాక. "తాళ్లళ్ల వల జుట్టుకున్నది. గాలి లెక్క సూపెట్టే మిషిను బందయింది. తాడు గట్టి అచ్చిన."

సతీశ్‌కు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక దగ్గరికి వచ్చాడు. "ముట్టినవ్. ముట్టి ఇడిసిపెట్టి అచ్చినవా?"

"గాలెంతున్నదో తెల్వకుంట నేనుండరాదు, తమ్మీ."

"గా సెల్లేందో జెప్పు, నేను తెస్త."

సామేలు సెల్లు తీసి ఇచ్చాడు. సతీశ్ బండి మీద సిరిసిల్ల అంతా తిరిగి, పొద్దు గూకే వేళకు టీవీ రిమోట్లలో వేసే సెల్లులు పిడికెడు పట్టుకొచ్చాడు. ఒక్కటీ పట్టలేదు. కరీంనగర్ నుంచి రావలసిన సహాయ దళం తెల్లారే వస్తామని చెప్పింది.

సుశీల లేచి సతీశ్ వదిలిన తాడు కొసను చేతికి చుట్టుకుంది. "తెల్లారిందాంక నీళ్లళ్లనే ఉండాల్నా ఆయన?" అని అడిగింది. జ్యోతి ఇంటికి రమ్మని బతిమిలాడినా ఆమె ఆ కొస వదలలేదు.

తెల్లవారి దళం పడవతో వచ్చింది. వాళ్లలో ఒకతనితో కలిసి, వాళ్ల సిలిండరు కట్టుకుని సామేలు తాడు వెంట దిగాడు. ఇద్దరూ వల కోసి ఎల్లేశాన్ని పైకి తెచ్చారు. రాత్రి చేపలు అతని ముఖం కొరికి ఉన్నాయి. సామేలు తన తువ్వాల ముఖం మీద కప్పి, జ్యోతి వైపు తిరిగి, "నువ్వు సూడకు బిడ్డా," అన్నాడు. ఆమె తండ్రి కాళ్లు పట్టుకుని కూర్చుంది.

సామాను సర్దుతుంటే దళం మనిషి తన ముల్లు మీటరు సామేలు సిలిండరుకు బిగించి చూశాడు. ముల్లు సగం దాటి నిలబడింది. నిన్న ఎల్లేశాన్ని విడిపించి తేవడానికి ఆ గాలి సరిపోయేది. సామేలు ఆ ముల్లును చాలాసేపు చూశాడు.

మూడో రోజు అతను వాళ్ల ఇంటికి వెళ్లాడు. ఊరు మునిగినవాళ్లకు కట్టిన కాలనీలో చివరి వరుస. వాకిట్లో సతీశ్ ఉన్నాడు గానీ పలకరించలేదు. సుశీల గడప దగ్గర కూర్చుని ఉంది.

"చెల్లె, ఒక మాట జెప్పిపోదామని అచ్చిన. ఆ దినం సిలిండర్ల సగం మీద గాలున్నది. మిషినే సూపెట్టలె. ఉన్నదని తెలిస్తే నేను తెద్దును."

సతీశ్ తల తిప్పి చూశాడు. సుశీల కూర్చున్న చోటి నుంచే అడిగింది.

"జెప్పకపోతే నాకు తెల్వకపోవు గద. ఎందుకు జెప్పినవ్?"

"ఎప్పటికన్న ఇంకెవలో జెప్తరు. నా నోటెంటనే ఇన్నవనుకో."

"మంచిగ జేసినవ్ అననీకి నాకు నోరు రాదన్నా," అంది సుశీల. "చెడ్డగ జేసినవ్ అని గూడ అన. నీకు పెండ్లాం పిల్లలున్నరా?"

"ఉన్నరు. భార్య పద్మ, ఒక కొడుకు."

ఆమె తల ఊపింది. లోపలి నుంచి జ్యోతి నీళ్లు తెచ్చిచ్చి అక్కడే నిలబడింది.

"మామా, బాపు ఉన్నది మా తాళ్లళ్లనేనా?"

"ఎవరియో నాకెట్ల తెలుస్తది బిడ్డా. చెట్టెక్కే మోకు తాడు రాసి రాసి నున్నగైన మొద్దు. దాన్ని ఆనుకోని ఉన్నడు."

"గది మనదే," అంది సుశీల. "ఊరవతలి వరుసల దాన్నే రోజు ఎక్కుతుండె."

సతీశ్ లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సామేలు నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. జ్యోతి తల్లి పక్కన కూర్చుని ఆమె అరచెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. ఆ రాత్రి నైలాన్ తాడు ఒరుసుకున్న చోట తోలు లేచి, ఇంకా పచ్చిగానే ఉంది.