నీళ్లలో కరిగిన రాయి

మ్యూజియంలో రాళ్ల విభాగాన్ని ఆమెకు అప్పగించి పదకొండు రోజులే అయింది. ఆ రోజు అడుగు సొరుగు తెరిస్తే, బంగారంలా మెరిసే ఇనుపరాయి ఒకదాని మీద లేత ఆకుపచ్చని పెచ్చు కట్టి కనిపించింది. బూజేమో అనుకుని కుళాయి కింద పట్టింది. చూస్తుండగానే పచ్చదనమంతా నీళ్లతోపాటు జారిపోయింది.

"చేతులారా పాడుచేశానత్తయ్యా" అంది ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా. "రాయి నీళ్లకు కరగడం ఎక్కడైనా ఉందా?"

అత్తగారు ముప్పై ఏళ్లు అద్దకం కార్ఖానాలో రంగులు కలిపిన మనిషి. "అలాంటిది ఇంకోటుందా?" అని మాత్రం అడిగింది.

"ఉంది. మైలుతుత్తం అనుకుంటున్నా."

"అనుకోవడమెందుకు, చూస్తే పోలా?"

మర్నాడు ఇద్దరూ కలిసే వెళ్లారు. అత్తగారు రెండో రాయిని కిటికీ దగ్గర పెట్టి, పెచ్చును గోటితో గీసింది. సబ్బు మీద గీసినట్టు గీత పడింది. రాలిన పలుకుల్ని గ్లాసెడు నీళ్లలో కరిగించి, తళతళలాడే ఇనుప మేకు ఒకటి అందులో వేసింది.

"మైలుతుత్తమైతే మేకుకి ఎర్రగా రాగి పట్టాలి."

పావుగంట చూశారు. మేకు మేకులాగే ఉంది. అప్పుడావిడ సంచిలోంచి సీసా తీసి, పాలు కలపని టీ డికాషన్ నాలుగు చుక్కలు వేసింది. గ్లాసులో నీళ్లు సిరాలా నల్లబడ్డాయి.

"అన్నభేది" అంది, పాత స్నేహితురాలు ఎదురుపడినట్టు. "ఇనుములోంచి పుట్టే ఉప్పు, టీ తగిలితే ఇలాగే నల్లబడుతుంది. నల్లరంగుకి బస్తాలకు బస్తాలు వాడాం. ఇది రాళ్లమీద పుడుతుందని మాత్రం ఇవాళే తెలిసింది."

కోడలికి కళ్లు విచ్చుకున్నాయి. పుస్తకంలో మెలాంటరైట్ అని చదివింది దీని గురించే. సొరుగు వెనక చెయ్యి పెట్టి చూసింది. గోడంతా చెమ్మ.

"గాలీ తేమా తగిలి ఇనుపరాయే ఇలా మారుతోందత్తయ్యా. ఈ పెచ్చు ఒంట్లో దాదాపు సగం నీళ్లే. ఎండితే తెల్లపొడై రాలిపోతుంది."

"అయితే నువ్వు కడిగింది రాయిని కాదు, దాని జబ్బుని" అంది అత్తగారు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

ఆ నవ్వులు విని మ్యూజియం పెద్దాయన లోపలికొచ్చాడు. సంగతంతా విని, తనే చొక్కా చేతులు మడిచి సొరుగుల బీరువాని గోడకు దూరంగా జరపడానికి ఒక పట్టు పట్టాడు. మిగిలిన పచ్చపెచ్చును గాలి చొరని సీసాలో భద్రం చేశారు. ఆయన రిజిస్టరు తెరిచి, గుర్తించినవారి పేరు రాయాలన్నాడు.

"అత్తయ్య పేరే రాయండి" అంది కోడలు.

"నాదెందుకు, డిగ్రీలు చదివింది నువ్వైతే" అంటూనే అత్తగారు కళ్లజోడు పెట్టుకుని పక్కన నిలబడింది. ఆయన రాయడం ముగించాక వంగి చూసి, "మా ఇంటిపేరులో దీర్ఘం వదిలేశారు బాబూ" అంది.

ఆయన దిద్దాడు. బస్సెక్కేలోపే ఆవిడ ఆ కబురు ముగ్గురికి చెప్పింది.