పద్నాలుగో నీటి వనరు

తెల్లవారగానే ఒదాలీస్ చేసే మొదటి పని కారులోంచి నీళ్ళు తోడడం. వెనక సీటు ఎత్తి, అడుగున చెంబు ముంచి, బకెట్లలోకి పోసేది. వర్షాకాలంలో ఆరేడు బకెట్లు, మంచి ఎండల్లో పది. చల్లగా, తియ్యగా ఉండేవి. వాళ్ళ నాన్న చనిపోయిన వేసవిలో ఆ నీళ్ళు ఊరడం మొదలైంది, పన్నెండేళ్ళుగా ఒక్కరోజు కూడా తప్పలేదు. సాంతియాగోలో కొండమీద ఉన్న మా వీధికి కుళాయి నీళ్ళు పదిహేను రోజులకోసారి వస్తే గొప్ప. అందుకని ఆరింటికల్లా ఆడవాళ్ళందరూ బకెట్లు పట్టుకుని కారు పక్కన వరుసకట్టేవాళ్ళు.

"ఏమే ఒదాలీస్, ఇవాళ నీళ్ళు తుప్పు కంపు కొడుతున్నాయి!" అంది ఎదురింటి మిగ్దాలియా.

"కారు కూడా నీతోపాటే ముసలిదైపోతోంది పిన్నీ."

"నా నడుం గట్టిదేలే. నీ కారు నడుమే విరిగేట్టుంది."

ఆ మాట నిజమే. పంతొమ్మిది వందల యాభై రెండులో అమెరికా నుంచి ఓడ దిగిన కారు అది. తాత తోలాడు, తండ్రి తోలాడు, ఇప్పుడు ఒదాలీస్ తోలుతోంది. ఆరుగురిని ఎక్కించుకుని కొండకీ బజారుకీ మధ్య తిప్పితేనే ఆమె పొయ్యి వెలిగేది. పన్నెండేళ్ళ నీళ్ళకి నేల రేకుని తుప్పు తినేసి, ముందు సీట్లో కాళ్ళ దగ్గర రోడ్డు కనిపించసాగింది. మొన్న ఒక నర్సమ్మ చెప్పు ఆ కంతలోంచే జారిపోయింది. వచ్చే శుక్రవారం ఏటేటా జరిగే తనిఖీ. అద్దం మీద కొత్త స్టిక్కరు పడకపోతే టాక్సీ లైసెన్సు పోయినట్టే.

రేకుపని చేసే సెవెరీనో తాతని పిలిపించింది. ఆయన చిన్న సుత్తితో తలుపు అడుగున తట్టాడు. ఖంగుమనాల్సిన ఇనుము తడి అట్టలా మోగింది.

"ఎవడమ్మా ఇంత పుట్టీ కూరింది?"

"మా బావ. తనిఖీలో బాగా కనపడాలని."

"నీళ్ళు కారిపోవడానికి తలుపుల కిందా నేలకిందా కన్నాలుంటాయి. నీళ్ళు అక్కణ్ణించే లోపలికొస్తున్నాయనుకుని అన్నీ మూసేశాడు మహానుభావుడు! ఈ ఊళ్ళో సగం కార్లని చంపింది ఈ తెలివే. నేల కోసేసి కొత్తది అతకాలి. రెండురోజుల పని."

పని పెద్దదేం కాదు. అడ్డమల్లా నీళ్ళ ఆఫీసే.

అంతకుముందు సంవత్సరం ఆ ఆఫీసు నుంచి రిగోబెర్తో అనే అధికారి వచ్చి, బకెట్ల వరుస చూసి, కారుని రిజిస్టరులో పద్నాలుగో నీటి వనరుగా రాసుకుపోయాడు. ఆ వారం నుంచే నీళ్ళ లారీ ఆగిపోయింది. అడగడానికి వెళ్తే "మీకు కారుంది కదా" అన్నారు. కారులో నీళ్ళూరడం గురించి ఎవరికీ ఏ అనుమానమూ లేదు. అది పైనున్న తల్లి దయ. ఆ తల్లి దయ చూపించింది కదా అని జీతం తీసుకునే మనిషి తన పని మానేయొచ్చా? ఒక ఆడమనిషి తిండి గిన్నెని సర్కారు బావి అని రాసుకోవడానికి చెయ్యెలా వచ్చింది?

బుధవారం ఒదాలీస్ సెవెరీనో తాతని ఎక్కించుకుని ఆఫీసుకి వెళ్ళింది. దిగుడు వీధి చివర ఉంటుందది. కారుని సరిగ్గా గుమ్మం ముందే ఆపింది.

"రిపేరుకి వీల్లేదు," అన్నాడు రిగోబెర్తో తల ఎత్తకుండానే. "అరవై కుటుంబాలు తాగే నీళ్ళమ్మా అవి."

"మరి నా లైసెన్సో?"

"అది వేరే ఆఫీసు."

"సారూ, తుప్పుంటే బండి తియ్యొద్దని వాళ్ళంటారు. తుప్పు తియ్యొద్దని మీరంటారు. నన్నేం తినమంటారు, తుప్పా?"

"గొంతు తగ్గించు. వనరుకి హాని చేస్తే కేసవుతుంది."

అప్పటిదాకా టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డ సెవెరీనో తాత, "హాని ఎక్కడుందో మీరే చూడండి సారూ, రండి," అన్నాడు. రిగోబెర్తో విసుక్కుంటూ గుమ్మం దాకా వచ్చాడు. తాత మోకాళ్ళ మీద కూర్చుని, స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క కన్నంలోంచీ పుట్టీని పొడిచి తీసేశాడు.

నీళ్ళు దూకాయి. పది బకెట్లు కాదు, వంద కాదు. గుమ్మం దాటి, బల్లల కింద నుంచి పారి, రిగోబెర్తో కుర్చీ చుట్టూ చేరి అక్కడ నిలిచాయి. కారు ఖాళీ అయింది. గది మాత్రం నిండుతూనే ఉంది.

"ఇప్పుడు కారులో చుక్క లేదు," అంది ఒదాలీస్. "వనరు మీ దగ్గరే ఉంది సారూ. జాగ్రత్తగా చూసుకోండి."

మర్నాడు పొద్దున్న మా వీధి ఆడవాళ్ళు అరవైమందీ బకెట్లతో ఆ ఆఫీసుకి వెళ్ళారు. అందరికంటే ముందు మిగ్దాలియా. "కొంచెం కాళ్ళు ఎత్తు నాయనా, ముంచుకోనీ," అని అధికారి కుర్చీ కిందే చెంబు పెట్టింది. ఎంత తోడినా తరగలేదు. ఆ సాయంత్రమే మా వీధిలో నీళ్ళ లారీ హారన్ మోగింది. మా మీద ప్రేమ పుట్టి కాదు, మమ్మల్ని వదిలించుకోవడానికి.

అక్కడ అలా నడుస్తుంటే, ఇక్కడ తాత పాత ఫ్రిజ్ తలుపు కోసి కారుకి కొత్త నేల అతికాడు. కన్నాలు తెరిచే ఉంచాడు. ఒదాలీస్ లోపల టార్చితో కూర్చుంటే మిగ్దాలియా బయట నుంచి అద్దం రబ్బరు మీద బకెట్ గుమ్మరించింది. "కారుతోందా?" "లేదు పిన్నీ." "మళ్ళీ చూడు, నీకు కళ్ళు సరిగ్గా ఆనవు!" ఒక్క చుక్క దిగలేదు.

శుక్రవారం తనిఖీ మనిషి కారు కింద పడుకుని, అయస్కాంతంతో నేలంతా తడిమాడు. పుట్టీ మీదైతే జారిపోయేది, ఎక్కడ పెట్టినా అంటుకుంది. లేచి, అద్దం మీద స్టిక్కరు అతికించాడు.

సోమవారం సాయంత్రం బజారు దగ్గర ఐదుగురు ఎక్కాక, ఆరో మనిషి చెయ్యెత్తాడు. రిగోబెర్తో. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది, బూట్లలోంచి నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. లోపలివాళ్ళు సర్దుకుని చోటిచ్చారు.

ఒదాలీస్ తలుపు తీసి పట్టుకుంది.

"కాళ్ళు దులుపుకుని ఎక్కండి సారూ," అంది. "కొత్త నేల."