కంపెనీని యాడ పూడ్చినారు?

అనంతపురంలో న్యాయశాస్త్రం చెప్పే ముత్యాలప్ప, కంపెనీ చట్టం మీద పరిశోధన చేస్తున్నాడు. కంపెనీ వేరు, దాన్ని నడిపేవాళ్లు వేరు, చట్టం దృష్టిలో కంపెనీ కూడా ఒక మనిషే అని ఆయన రాసిన వ్యాసం వకీళ్లలో మంచి పేరు తెచ్చుకుంది.

ఆ వ్యాసాన్నే గుంతకల్లు కోర్టులో చదివారు. అక్కడి నూనె మిల్లులో బీటలిచ్చిన గోడ కూలి హనుమంతప్ప అనే హమాలీ చనిపోయాడు. తప్పు కంపెనీదే గానీ డైరెక్టర్లది కాదని వాళ్ల వకీలు వాదించాడు. డైరెక్టర్ల మీద కేసు కొట్టేశారు. కొన్నేళ్లకు డైరెక్టర్లు కంపెనీనే రద్దు చేయించుకున్నారు.

1983 ఎండాకాలంలో హనుమంతప్ప భార్య తిరుపాలమ్మ ముత్యాలప్ప ఇంటికి వచ్చింది.

"కంపెనీ మనిషే అని రాసింది నువ్వేనా సారూ?"

"అవునమ్మా."

"నా మొగుణ్ణి సంపిన ఆ మనిషిని ఒకసారి సూపీ."

"ఇప్పుడు లేదమ్మా. రద్దు చేసినారు. సచ్చిపోయినట్టే."

"యాడ పూడ్చినారు?"

మర్నాడు ముత్యాలప్ప ఆ మిల్లు చూడడానికి ఆమె వెంట గుంతకల్లు పోయాడు. పాడుబడ్డ మిల్లులో, గోడ కూలినచోట ఆమె ఆకు పరిచి సంగటి పెట్టింది. ఇంకో ఆకు ఆఫీసు గది ముందు పరిచింది.

"దీనికెందుకమ్మా?"

"దిక్కులేని సావు సారూ. ఎవరూ పెట్టకుంటే ఇంకో కొంపలో దూరతాది."

తాళం వేసిన గది లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ముత్యాలప్ప కిటికీలోంచి చూశాడు. నేలమీద దుమ్ము చెదరలేదు. గాలి కూడా లేదు.

"ఆడనే ఉండాది," అంది తిరుపాలమ్మ.

నెల తర్వాత బస్సులో పోతూ సోమందేపల్లెలో కొత్త మిల్లు బోర్డు చూసి దిగాడు. పేరు కొత్తది. డైరెక్టర్లు వాళ్లేనని టీ అంగడాయన చెప్పాడు. లోపల బీటలిచ్చిన పాత గోడకు ఆనించి బస్తాలు ఎత్తుగా పేర్చారు. ఆ గోడ నీడలోనే హమాలీలు అన్నం తింటున్నారు.

"లేయండప్పా, ఈడ కూర్చోవద్దండి!" అని అరిచాడు.

"ఏమైందన్నా? కంపెనీ కొత్తదే గదా," అన్నాడొకడు.

ముత్యాలప్ప అటునుంచి అటే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు పోయాడు. ఆ గోడ పడగొట్టించేదాకా వారం వారం పోయి ఆ గుమ్మం ముందు కూర్చున్నాడు. పరిశోధన మాత్రం పూర్తి కాలేదు.